ముందు పరాయి వైరు వెతుకు, అల్లుడూ

అల్లుడూ,

గుంటూరులో సొంతంగా షెడ్డు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా సంతోషం ఇంతా అంతా కాదు. స్కానర్ కొన్నావట, మంచి క్రింపింగ్ ప్లయర్ కొన్నావట, ఇద్దరు కుర్రాళ్లను పనిలో పెట్టుకున్నావట. పని నీకు వచ్చు, ఆ సంగతిలో నాకు దిగులు లేదు. అయితే ఇన్నేళ్లుగా ఈ విజయవాడ ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన పనివాళ్లు కూడా ఒకే చోట పప్పులో కాలేయడం చూస్తున్నాను. బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున లేని వైరు ఒకటి ఆ తర్వాత ఎప్పుడో వచ్చి చేరుతుంది. ఆ వైరును చూడరు. కంపెనీ పార్టు మీద అభాండం వేసి సెన్సర్ మారుస్తారు, పంపు మారుస్తారు, చివరికి ఇంజను కంప్యూటర్ ఈసీఎం దాకా వెళ్తారు. ఓనరు జేబు ఖాళీ అవుతుంది గానీ బండి మాత్రం బాగుపడదు. ఇది నువ్వు మొదటి రోజు నుంచే పట్టుకుంటే బాగుంటుందని రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది.

నేను చెప్పేది ముఖ్యంగా బయట బిగించిన అలారాల గురించి, రిమోట్ సెంట్రల్ లాక్ కిట్ల గురించి.

వాటిని పెట్టించుకున్న వాళ్లను ముందు తప్పుపట్టకు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు మన చిన్న కార్లకు తాళంచెవి తప్ప మరో కాపలా లేదు. స్టీరింగ్ కింద రెండు వైర్లు కలిపితే ఇంజను అందుకునేది. అప్పు చేసి కొన్న కారును వీధిలో వదిలి పడుకునే మనిషికి ఆ కుయ్యో మొర్రో మనే హారనే పెద్ద ధైర్యం. ఇవాళ కూడా కింది మోడల్ కొన్నవాళ్లు రిమోట్ కోసం, నాలుగు తలుపులూ ఒక్కసారే పడాలని బయట కిట్టు వేయించుకుంటున్నారు. వాళ్ల అవసరం నిజమైనదే. చిక్కంతా బిగించిన తీరులో ఉంది.

షోరూం పక్కన యాక్సెసరీస్ షాపులో అలారం ఎలా బిగిస్తారో నువ్వూ చూసి ఉంటావు. బయట ఇంకో నాలుగు బండ్లు ఎదురుచూస్తుంటాయి. స్టీరింగ్ కింది ప్లాస్టిక్ ఊడదీసి, టెస్ట్ బల్బు పట్టుకుని, ఇగ్నిషన్ స్విచ్ వెనకాల వైర్లను ఒక్కొక్కటే గుచ్చి చూస్తారు. బ్యాటరీ కరెంటు ఏదో, తాళం తిప్పితే వచ్చేది ఏదో, సెల్ఫ్ వైరు ఏదో దొరకగానే బ్లేడుతో తొడుగు చీరి, కొత్త వైరు చుట్టబెట్టి టేపు వేస్తారు. కుడి ఇండికేటర్‌కు ఒకటి, ఎడమకు ఒకటి, డోర్ స్విచ్‌కు ఒకటి, బానెట్ స్విచ్‌కు ఒకటి. నల్ల డబ్బాను పెడళ్ల పైన ఎక్కడో కేబుల్ టైతో కట్టేస్తారు. ఎర్త్ వైరు చేతికి అందిన స్క్రూకు బిగిస్తారు. బండి కుయ్‌మంటుంది, ఓనరు సంతోషపడి వెళ్లిపోతాడు. ఆ రోజుకు అంతా బాగానే ఉంటుంది.

తర్వాత మన ఎండాకాలం వస్తుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డ్ 70 డిగ్రీలు దాటి కాగుతుంది. టేపు జిగురు కరిగి చుట్ట జారిపోతుంది. లోపల మెలితిప్పిన రాగి తీగలు వదులవుతాయి, గాలి తగిలి నల్లబడతాయి. వానాకాలంలో బానెట్ స్విచ్‌లో నీళ్లు దిగి తుప్పు పడుతుంది. తలుపు తీయకపోయినా అర్ధరాత్రి హారన్ మోగడం మొదలవుతుంది. పక్కింటి వాళ్లు గొడవ పెడితే ఓనరు ఎవరినో పిలిచి హారన్ వైరు కోయిస్తాడు. అక్కడితో అలారం పోయిందనే అనుకుంటాడు. పోయింది దాని గొంతు మాత్రమే. డబ్బా అక్కడే ఉంది, రిలే అక్కడే ఉంది, కోసిన వైర్లు కోసినట్టే ఉన్నాయి. రెండేళ్లకు బండి చేతులు మారుతుంది. కొన్నవాడికి దాని సంగతే తెలియదు. నీ షెడ్డుకు వచ్చేది ఆ కొన్నవాడు.

ఇలాంటిదే ఒక బండి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో నువ్వు నేర్చుకోవలసింది అంతా ఉంది. తెనాలి నుంచి ఒక మాస్టారు చిన్న కారు తెచ్చారు. పొద్దున చక్కగా నడుస్తుంది. మధ్యాహ్నం ఎండలో ఓ గంట పోయాక ముక్కుతుంది, మూలుగుతుంది, హైవే మీద ఆగిపోతుంది. అరగంట చల్లారితే ఏమీ ఎరగనట్టు మళ్లీ అందుకుంటుంది. అప్పటికే వేరే చోట క్రాంక్ సెన్సర్ మార్చారు, ఆక్సిజన్ సెన్సర్ మార్చారు, ట్యాంకులో పంపు కొత్తది వేశారు. ఇక మిగిలింది ఈసీఎమ్మేనని చెప్పి పంపారు. స్కానర్ పెడితే పీ0171 కోడు, అంటే మిశ్రమం పలచగా ఉందని. ఒకటి గుర్తుపెట్టుకో అల్లుడూ, స్కానర్ చెప్పేది ఈసీఎంకు ఏం తెలిసిందో అది మాత్రమే. అలా ఎందుకు జరిగిందో నువ్వే వెతకాలి.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు ఉన్నాయి. వెనక సీటు ఎత్తి పంపు కప్లర్ దగ్గర చూస్తే 10.7 మాత్రమే. పంపుకు మూడు వోల్టులకు పైగా తక్కువ అందుతోంది. అంత తక్కువకు పంపు ప్రెషర్ ఎలా ఇస్తుంది? ఇంజనుకు పెట్రోలు చాలక మిశ్రమం పలచబడదా? దారి సగానికి పంచి చూశాం. ఫ్యూజ్ బాక్సు నుంచి బయటికి వచ్చేచోట 13.9 ఉంది, అక్కడిదాకా బాగుంది. గుమ్మం పక్కన, డ్రైవర్ కాళ్ల దగ్గరి ప్లాస్టిక్ తీశాం. పంపుకు వెళ్లే కంపెనీ వైరు సన్నగా, గీతతో, రంగు మాయకుండా ఉంది. జానెడు దూరం పోయాక అది ఆగిపోయి, అక్కడి నుంచి ముదురు ఎరుపు వైరు మొదలైంది. రెండు కొసల్లోనూ జిగురు కారుతున్న నల్ల టేపు. ఆ ఎర్ర వైరు స్టీరింగ్ వెనక్కి ఎక్కి, మళ్లీ దిగి వచ్చి, కంపెనీ వైరులో కలిసింది. పైన దుమ్ములో ఒక రిలే వేలాడుతోంది. దాని ఒక పక్క ప్లాస్టిక్ వేడికి గోధుమరంగు తిరిగి ఉంది. మీటర్ ముల్లు ఒకటి 30 కాలికి, ఒకటి 87ఏ కాలికి పెడితే 2.9 వోల్టులు చూపించింది. మంచి కాంటాక్టు మీద అది ఒక వోల్టులో పదో వంతో, రెండు వంతులో మించి ఉండకూడదు. కాలవకు అడ్డంగా తాటిమొద్దు పడ్డప్పుడు నీళ్లు పారుతున్నట్టే కనిపిస్తాయి గానీ చివరి మడి ఎండిపోతుంది చూడు, అచ్చం అలాగే.

మాస్టారు మాత్రం "ఈ బండికి అలారం లేదండీ" అనే అంటున్నారు. ఆయన మీద కోప్పడడానికి లేదు. డ్యాష్‌బోర్డ్ మూల వెంకటేశ్వరస్వామి స్టిక్కర్ ఒకటి ఉంది. దాని అంచు కింద వేలితో తడిమితే చిన్న గుంట తగిలింది. పాత ఓనరు లైటు పీకేసి ఆ రంధ్రం కనపడకుండా స్టిక్కర్ అంటించాడు. బ్యాటరీ వెనకాల హారన్ ఉంది, వైర్లు తెంపేసి ఉన్నాయి. మేం రిలే తీసేశాం, కంపెనీ వైరును కంపెనీ వైరుతోనే క్రింప్ చేసి, టంకం పెట్టి, స్లీవ్ వేసి కలిపాం. పంపు దగ్గర 13.7 వచ్చింది. పాత ఈసీఎమ్మే ఇవాళ్టికీ నడుస్తోంది.

ఆ రిలే సంగతి కాస్త లోతుగా తెలుసుకో, ఎందుకంటే నీకు రోజూ ఎదురయ్యేది అదే. ఐదు కాళ్ల రిలేలో 85, 86 కాయిల్‌వి. 30 నుంచి కరెంటు వస్తుంది. కాయిల్‌కు కరెంటు లేనప్పుడు 87ఏకి వెళ్తుంది, ఉన్నప్పుడు 87కి మారుతుంది. అలారం వాళ్లు ఎక్కువగా 87ఏ మీద బిగిస్తారు, అలారం వేసినప్పుడు మాత్రమే దారి తెగాలని. ఆలోచన మంచిదే. కానీ 87 కాంటాక్టును అయస్కాంతం గట్టిగా పట్టి ఉంచుతుంది, 87ఏను మాత్రం చిన్న స్ప్రింగు ఒక్కటే నొక్కి ఉంచుతుంది. అందుకే రిలే ఒంటి మీద 40 ఆంపియర్లని ఉన్నా 87ఏకి 30 అనే రాస్తారు. ఏళ్ల తరబడి అదురుతూ, వేడెక్కుతూ, ఇంజను నడిచినంతసేపూ పంపు కరెంటు ఆ చిన్న స్ప్రింగు మీదుగానే వెళ్లాలి. ఎప్పుడో ఒకప్పుడు కాంటాక్టు మీద నల్లటి గుంటలు పడతాయి.

ఇంకో రకం కూడా ఉంది. కొందరు 87 మీద బిగిస్తారు, అలారం డబ్బా రిలేకు కరెంటు ఇస్తేనే బండి స్టార్టయ్యేలా. అలాంటి బండిలో డబ్బా పాడైనా, దాని ఫ్యూజు పోయినా, తొందరపడి నువ్వు దాని కప్లర్ పీకినా సెల్ఫ్ కొట్టదు. నీ చేతిలోనే బండి చచ్చిందని ఓనరు అనుకుంటాడు. కాబట్టి ఏ వైరు కోసి మధ్యలో రిలే పెట్టారో, ఏ వైరుకు పక్కన అతుకు మాత్రమే వేశారో ముందు తేల్చుకో. కోసిన వాటిని తిరిగి కలపాలి. అతుకు వేసిన వాటికి అతుకు తీసి తొడుగు వేస్తే చాలు. డబ్బా పీకే ముందే ఫోన్‌తో ఫోటోలు తీసుకో, కుర్రాళ్ల చేత ప్రతి వైరుకూ చిన్న కాగితం చీటీ అంటించు.

బ్యాటరీ దిగిపోయే కేసులు దీనికంటే ఎక్కువ వస్తాయి. నాలుగు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ తిరగదు, బ్యాటరీ రెండుసార్లు మార్చాం అంటారు. లెక్క కట్టి చూడు. రిలే కాయిల్ ఒక్కటే సుమారు 150 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. తప్పుగా బిగించినందువల్ల అలారం వేసినంతసేపూ ఆ కాయిల్ పట్టుకునే ఉంటే రోజుకు 3.6 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ 35. ఐదు రోజుల్లో సగం ఖాళీ. బ్యాటరీ కంపెనీని తిట్టి ఏం లాభం?

బండి పడుకున్నాక లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదనేది నువ్వు నేర్చుకున్నదే. కొలిచేటప్పుడు తొందరపడకు. నెగటివ్ వైరుకు వరసలో మీటర్ పెట్టి, తలుపుల లాచ్‌లు, బానెట్ లాచ్ స్క్రూడ్రైవర్‌తో మూసి, తాళం బండికి దూరంగా పెట్టి, అరగంట నుంచి గంట దాకా వదిలెయ్యి. లోపలి మాడ్యూళ్లన్నీ నిద్రపోవాలి. అప్పుడు ఒక్కో ఫ్యూజూ తీస్తూ అంకె ఎక్కడ పడిపోతుందో చూడు. మంచి గుర్తు ఒకటి చెబుతాను. ఫ్యూజులన్నీ తీసినా అంకె పడిపోలేదంటే ఆ కరెంటు ఫ్యూజ్ బాక్సు దాటకముందే ఎవరో లాగుతున్నారన్నమాట. డైనమోలో డయోడు పోయినా అలాగే జరుగుతుంది, అదొకటి చూసుకో. అది కాకపోతే నేరుగా బ్యాటరీ వైరు పట్టుకుని వెళ్లు. ఎక్కడో ఒకచోట గాజు ఫ్యూజు పెట్టిన చిన్న గొట్టంతో పరాయి వైరు దొరుకుతుంది. బయట బిగించేవాళ్లు కరెంటు అక్కడి నుంచే తీసుకుంటారు.

ఇవన్నీ పాత బండ్ల మాటలు. నీ కాలం బండ్లకు ఇంకా జాగ్రత్త కావాలి. బాష్ కంపెనీ క్యాన్ అనే పద్ధతిని 1986లోనే బయటపెట్టింది గానీ మన చిన్న కార్లలోకి అది మెల్లగా దిగింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక ఇక అన్నిటా అదే. ఇప్పుడు ఇండికేటర్ స్విచ్ నుంచి బల్బుకు నేరుగా వైరు ఉండదు. స్విచ్ బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కు, అదే బీసీఎంకు చెబుతుంది, బీసీఎం బల్బు వెలిగిస్తుంది. మెలితిప్పిన రెండు సన్న వైర్ల మీద ఈసీఎం, ఏబీఎస్, మీటర్ బోర్డు, బీసీఎం అన్నీ మాట్లాడుకుంటాయి. పాత అలవాటుతో దాన్ని టెస్ట్ బల్బుతో గుచ్చేవాడు ఏం చేస్తున్నాడో తెలుసా? 5 వాట్ల బల్బు 0.4 ఆంపియర్ లాగుతుంది. మిల్లీ ఆంపియర్లు మాత్రమే ఇవ్వగల లైను మీద అంత బరువు వేస్తున్నాడు. మీ షెడ్డులో టెస్ట్ బల్బు ఉండనీ, హెడ్‌లైటుకో హారన్‌కో ఎర్త్ చూడడానికి పనికొస్తుంది. సెన్సర్ వైర్ల దగ్గరికి, క్యాన్ వైర్ల దగ్గరికి మాత్రం దాన్ని రానివ్వకు. కుర్రాళ్లకు మొదటి రోజే గట్టిగా చెప్పు.

ఉన్నట్టుండి మీటర్ బోర్డు మీద నాలుగైదు లైట్లు ఒక్కసారే వెలిగి, స్కానర్‌లో యూతో మొదలయ్యే కోడ్లు వరసగా వస్తే నాలుగైదు మాడ్యూళ్లు ఒకే రోజు చచ్చాయని నమ్మకు. అవి ఒకదానితో ఒకటి మాట్లాడలేకపోతున్నాయి, అంతే. బ్యాటరీ తీసేసి ఓబీడీ పోర్టులో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ చూడు. రెండు కొసల్లో 120 ఓమ్స్ చొప్పున ఉంటాయి కాబట్టి 60 రావాలి. 120 వస్తే ఎక్కడో ఒక వైపు తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే రెండూ అంటుకున్నాయి. కొన్ని కొత్త బండ్లలో పోర్టుకూ లోపలి లైనుకూ మధ్య గేట్‌వే ఉంటుంది, ఆ బండి డయాగ్రం చూసుకున్నాకే ఈ అంకెను నమ్ము. 60 వచ్చినా సందేహం తీరకపోతే స్టీరింగ్ కింద, ఎడమ గుమ్మం ప్లాస్టిక్ కింద మెలిక విప్పిన చోటు ఉందేమో కళ్లతో చూడు. ఆ రెండు వైర్ల మెలిక ఊరికే పెట్టింది కాదు, పక్కనుంచి వచ్చే కరెంటు గోలను అది అణచిపెడుతుంది. అలారం బిగించేవాడు వైరు పట్టుకోవడానికి జానెడు మెలిక విప్పి అలాగే వదిలేస్తాడు.

ఇండికేటర్ల దగ్గర ఇంకో తమాషా జరుగుతుంది. ఎడమకు వేస్తే కుడిది కూడా మసకగా వెలుగుతుంది, లేదంటే గబగబా కొట్టుకుంటుంది. రెండు వైపుల వైర్లనూ డయోడు లేకుండా ఒకే కొసకు కట్టేసి ఉంటారు. రిలే కాయిల్‌కు అడ్డంగా డయోడు పెట్టకపోతే మరీ ప్రమాదం. కాయిల్ వదిలిన ప్రతిసారీ ఎదురు దెబ్బ వోల్టేజీ వస్తుంది. బీసీఎం లోపలి చిన్న ట్రాన్సిస్టర్ ఆ దెబ్బలు ఎన్నాళ్లు తింటుంది? పావలా డయోడు పెట్టక వేల రూపాయల బాక్సు పోగొట్టుకోవడం అంటే ఇదే. సెంట్రల్ లాక్ స్విచ్ వైరు సంగతీ అంతే. కొన్ని బండ్లలో ఒకే వైరు మీద వేరు వేరు వోల్టేజీలతో లాక్, అన్‌లాక్ చెబుతారు. పక్కనే మరో వైరు అతికిస్తే ఆ వోల్టేజీ మారిపోయి, తలుపులు వాటంతట అవే పడుతూ లేస్తూ ఉంటాయి.

తాళంలోని చిప్ గురించి కూడా ఒక మాట. కంపెనీ ఇమ్మొబిలైజర్ వేరు, బయట అలారం వేరు, రెండూ ఒకే బండిలో ఉండొచ్చు. మీటర్ బోర్డులో తాళం బొమ్మ మిణుకుమిణుకు మంటే కంపెనీది పట్టుకుంది. డ్యాష్‌బోర్డ్ మీద విడిగా లైటు మెరుస్తుంటే బయటిది. తాళం చుట్టూ ఉండే రింగు కాయిల్ తాళంలోని చిప్‌తో మాట్లాడుతుంది. ఆ రింగుకు ఆనుకుని అలారం యాంటెనా వైరు చుట్టినా, ఒకే గొలుసులో రెండు చిప్ తాళాలు వేలాడినా ఒకసారి స్టార్టయ్యి ఒకసారి కాదు. ఈసీఎం తీసి ప్రోగ్రామింగ్‌కు పంపేముందు గొలుసులోంచి రెండో తాళం తీసి చూడు.

బండి రాగానే బానెట్ ఎత్తకు, ముందు ఓనరును కూర్చోబెట్టి అడుగు. "బండి కొత్తది కొన్నారా అండీ, సెకండ్ హ్యాండ్‌లోనా? ఈ రిమోట్ కంపెనీతో వచ్చిందా, తర్వాత వేయించారా? ఈ మధ్య స్టీరియో గానీ, కెమెరా గానీ, జీపీఎస్ గానీ పెట్టించారా? ఇబ్బంది అంతకుముందు నుంచీ ఉందా, ఆ తర్వాతా?" ఇంతే. గొలుసులో తాళం వేరుగా, రిమోట్ వేరుగా కనిపిస్తే సగం జవాబు అక్కడే దొరికింది. అడిగేటప్పుడు నేరం మోపుతున్నట్టు ఉండకూడదు. చాలామంది వారంటీ పోతుందని భయపడి దాచిపెడతారు. దాచినదాన్ని నువ్వు పట్టుకున్నా నలుగురిలో బయటపెట్టకు, పక్కకు పిలిచి చూపించు. ఎవరు బిగించారో వాళ్లను ఓనరు ముందు చులకనగా మాట్లాడకు. నీ ఊళ్లోనే ఉంటారు, రేపు వాళ్లే నీకు బండి పంపుతారు. చెయ్యదలుచుకుంటే ఆ షాపుకు వెళ్లి డయోడు ఎక్కడ పెట్టాలో చూపించి రా.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం దయచేసి మర్చిపోకు. అలారం తిరిగి బిగించమని అడిగేవాళ్లు ఉంటారు, దొంగల భయం ఉన్నవాళ్లకు కాదనలేం. కానీ ఇంజను నడుస్తుండగా తెగే చోట, అంటే పంపు వైరు మీద, ఇగ్నిషన్ వైరు మీద రిలే పెట్టకు. ఎవరు ఎంత ఇస్తామన్నా పెట్టకు. హైవే మీద నూరు కిలోమీటర్ల వేగంలో ఇంజను ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు ఒకటి రెండు నొక్కులకు గట్టిపడిపోతుంది, వెనక లారీ ఉంటుంది. బండిలో పిల్లలు ఉంటారు. పెట్టాల్సి వస్తే సెల్ఫ్ వైరు మీద మాత్రమే పెట్టు. అది చెడితే బండి ఇంటి ముందు స్టార్టవ్వదు, నడుస్తున్న బండి ఆగదు. దొంగకు అడ్డు కూడా చాలానే అవుతుంది. స్టీరింగ్ తిరగకుండా ఆపే గట్టి ఇనుప లాక్ ఒకటి కొనుక్కోమని చెప్పు. దానికి వైరే అక్కర్లేదు.

స్టీరింగ్ కింద చెయ్యి పెట్టేటప్పుడు పసుపు కప్లర్లు జాగ్రత్త. అవి ఎయిర్‌బ్యాగ్‌వి. అలారం వాళ్లు వెతికే ఇగ్నిషన్ వైర్లు సరిగ్గా వాటి పక్కనే ఉంటాయి. బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగాకే అక్కడ పని. పసుపు వైరు మీద ఓమ్స్ చూద్దామని మీటర్ పెట్టే కుర్రాడు ఉంటే వాణ్ణి ఆ పని నుంచి తప్పించు. కొన్ని హారన్లకు లోపల సొంత బ్యాటరీ ఉంటుందని కూడా చెప్పు, బ్యాటరీ తీయగానే చెవి దగ్గర మోగితే ఉలిక్కిపడి తల డ్యాష్‌బోర్డ్‌కు కొట్టుకుంటారు. అలాంటి హారన్‌ను ఆపడానికి దాని మీద చిన్న తాళం రంధ్రం ఉంటుంది. రిమోట్ పోయిన బండిలో పెడళ్ల దగ్గర దాచిన చిన్న వ్యాలే బటన్ కోసం చూడు, అది దొరికితే అలారాన్ని నిద్రపుచ్చి ప్రశాంతంగా పని చేసుకోవచ్చు.

క్యాబులు తెచ్చేవాళ్ల విషయం వేరు. 2019 జనవరి నుంచి రిజిస్టరైన ట్యాక్సీలకు, బస్సులకు ఏఐఎస్-140 ట్రాకర్, ఎమర్జెన్సీ బటన్ చట్టం ప్రకారం ఉండాలి. బ్యాటరీ దిగుతోందని దాని వైరు పీకకు, అతుకులు సరిచెయ్యి, అంతే. అప్పు ఇచ్చినవాళ్లు విడిగా పెట్టించే జీపీఎస్ ఇంకొకటి. వాయిదా తప్పితే బండి ఆపడానికి అందులో కూడా ఇదే రిలే ఉండవచ్చు. డ్రైవర్ బతిమాలుతాడు, వాడి కష్టం నిజమే. అయినా ఫైనాన్స్ వాళ్లకు తెలియకుండా ముట్టుకోవద్దు. అది పంపు వైరు మీద ఉందని కనిపిస్తే ఫోటో తీసి, ఇది ప్రాణాపాయమని డ్రైవర్ చేత వాళ్లకు రాయించు. సెల్ఫ్ మీదికి మార్చమని అడగడం అతని హక్కు.

ఏ పని చేసినా బిల్లు వెనకాల రెండు లైన్లు రాసి ఇవ్వు. ఏ వైరు మీద ఏం తీశావు, ఎక్కడ కలిపావు, ఏ డబ్బా తీసేశావు. తీసిన పార్టులు కవర్లో వేసి ఓనరు చేతికి ఇవ్వు. బయట బిగించిన ఎలక్ట్రికల్ సామాను ఇన్సూరెన్స్ పాలసీలో విడిగా చూపించాలని కూడా చెప్పు, రేపు పొగ వచ్చిన రోజున అదే అడుగుతారు. వెతికిన టైముకు కూలీ తీసుకో, సిగ్గుపడకు. పార్టు అమ్మితేనే డబ్బు అనే అలవాటు నీకు రాకూడదు. మూడు గంటలు వెతికి ఒక రిలే తీసేస్తే ఓనరుకు మిగిలిన డబ్బు ముందు నీ కూలీ ఎంత?

మీ అమ్మ చేతికి ఒక పెట్టె ఇచ్చి పంపుతున్నాను. అందులో 1ఎన్4007 డయోడ్లు, జిగురు ఉన్న స్లీవ్‌లు, నా దగ్గరున్న మంచి మీటర్ ఉన్నాయి. దాని 10 ఆంపియర్ ఫ్యూజు కొత్తది వేశాను, విడిగా రెండు డబ్బాలో పెట్టాను. బ్యాటరీ కరెంటు కొలుస్తూ, మీటర్ వరసలో ఉండగా ఎవరూ తాళం తిప్పకుండా చూసుకో, సెల్ఫ్ కొట్టిన మరుక్షణం ఆ ఫ్యూజు పోతుంది. పోతే వెండి కాగితం చుట్టి పెట్టొద్దు, పెట్టెలోది తీసి వెయ్యి. ఏదైనా బండి అంతుపట్టకపోతే రాత్రి తొమ్మిది తర్వాత ఫోటోలు పంపు, మేలుకునే ఉంటాను.

మీ మామయ్య